లేఖాంతమున విధేయత

బాలురకు ఉత్తరము వ్రాయుట నేర్పునపుడు మనము మొట్టమొదట నేర్పునది ఉత్తరము యొక్క చివర. విషయమేమైనను సరియే. జ్వరము వచ్చి బడికి రాలేకపోయిన సంగతి కావచ్చును, ఊరి నూతికి గట్టు లేదన్న సంగతి కావచ్చును. దాని క్రింద కుడివైపున "ఇట్లు, తమ విధేయుడు" అని యుండవలెను. లేనిచో మార్కు పోవును. ఇరువది యేండ్లుగా నేనును ఆ మార్కు తీసివేయుచు వచ్చినవాడనే. కావున నేనిపుడు చేయబోవు విమర్శకు మొదటి ముద్దాయిని నేనే యని చదువరులు గ్రహింతురు గాక.

కొన్ని యేండ్ల క్రిందట శ్రీకాకుళము జిల్లాలో నేను పనిచేయుచుండిన పల్లెలో ఒక వృద్ధురాలు నాయొద్దకు వచ్చినది. ఆమెకు రావలసిన పింఛను మూడు నెలలనుండి నిలిచిపోయినది. అర్జీ వ్రాసిపెట్టుమన్నది. వ్రాసితిని. చదివి వినిపింపుమన్నది. వినిపించితిని. కడపట "తమ విధేయురాలు" అన్నచోట ఆమె నన్ను ఆపి, "విధేయురాలంటే ఏటి బాబూ?" అని యడిగినది. "చెప్పినట్లు వినే మనిషి" అని చెప్పితిని. ఆమె కొంచెము సేపు ఆలోచించి, "ఆయన నాకేటి సెప్పినాడు, నానేటి విన్నాను? నాకు రావలసిన డబ్బులు రానేదని కదా రాయమన్నాను" అన్నది.

సంస్కృతమున పట్టమును, ఆంగ్లమున మరియొక పట్టమును గల నాకు అప్పుడు సమాధానము తోచలేదు. ఆమె ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమునకు మూలము.

ఈ "విధేయుడు" మన యింట పుట్టినవాడు కాడు. ఆంగ్లేయుల దొరతనపు లేఖలయందలి "యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్" అను వాక్యశేషమునకు మనవారు చేసికొన్న తెనిగింపు. కనుక ముందుగా ఆ మూలము ఆ దేశమున ఏ యర్థముతో నుండెనో చూడవలయును.

ఇంగ్లండున పదునెనిమిదవ శతాబ్దినాటికే ఆ మాట అర్థమును విడిచి ఆచారమై పోయినది. దీనికి సాక్ష్యముగా ఒక్క లేఖ చాలును. 1755వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో డాక్టరు శామ్యూల్ జాన్సన్ చెస్టర్‌ఫీల్డు ప్రభువునకు వ్రాసిన లేఖ జగత్ప్రసిద్ధము. తాను నిఘంటువు కూర్చుచు కష్టపడు దినములలో ఆదుకొనక, అది ముగియువేళకు పొగడ్తలతో ముందుకు వచ్చిన ఆ ప్రభువును జాన్సన్ ఆ లేఖలో నిలువునా కడిగినాడు. నీ పోషణ నా కక్కరలేదని తెగవేసి చెప్పినాడు. అట్టి లేఖకు చివరనున్న సంతకముపై నేమున్నది? మిక్కిలి వినయవంతుడును, మిక్కిలి విధేయుడును అగు తమ సేవకుడనియే యున్నది. జాన్సన్ అబద్ధమాడెనా? లేదు. చెస్టర్‌ఫీల్డు దానిని చదివి, ఇతడు నా సేవకుడని మురిసెనా? అదియును లేదు. ఆ మాట ఉత్తరమునకు మూతయే గాని దాని లోపలి వస్తువు కాదని యిరువురికిని తెలియును.

మన శాస్త్రకారులు ఈ సంగతిని చక్కగా విడమరచి చెప్పియున్నారు. "కుశలుడు" అను శబ్దమునకు అవయవార్థము దర్భలు కోయువాడని. నేడు కుశలుడన్న నేర్పరి యని మాత్రమే యర్థము. వైద్యము చేయు కుశలుడు ఏనాడును దర్భ కోసియుండనక్కరలేదు. ఇది రూఢి. ఆంగ్లలేఖాంతమునందలి "సేవకుడు" అట్టి రూఢిశబ్దము. తరువాతి కాలమున ఆంగ్లేయులు దానినికూడ సామాన్యవ్యవహారమునుండి తొలగించుకొని "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ", "యువర్స్ ట్రూలీ", "యువర్స్ సిన్సియర్లీ" అను పొట్టిమాటలకు దిగినారు. 1926లో ప్రకటితమైన ఫౌలరు గారి ఆంగ్లప్రయోగ నిఘంటువునందు వీనికి తారతమ్యము కూడ నిర్ణయింపబడినది. పరిచయము లేనివారికి వ్యవహారలేఖలందు మొదటిది, స్వల్పపరిచితులకు రెండవది, చనువు చాలని స్నేహితులకు మూడవది. గమనింపుడు: ఈ మూటియందును తారతమ్యము పరిచయమును బట్టి యేర్పడినదే గాని అధికారమును బట్టి కాదు. "సేవకుడు" ముఖ్యముగా ప్రభుత్వలేఖలయందు మిగిలెను.

ఇక ఆ మాట మన సీమకు వచ్చిన విధము. శ్రీకాకుళము ఒకప్పుడు ఫౌజుదారుల పట్టణము. శ్రీకాకుళపు సర్కారు అని ఒక సీమకే పేరు. అప్పటి కార్యాలయభాష పారసీకము. "అర్జీ" అను శబ్దము నేటికిని మన నోట నిలిచియున్న దానిచిహ్నము. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా వలన ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పరమగుటతో కచేరీలలో ఆంగ్లము ప్రవేశించినది. 1802లో శాశ్వత పైసలా వచ్చి జమీందారులు స్థిరపడిరి. అప్పటినుండి మన రైతు ఇద్దరు దొరలకు విన్నపములు వ్రాసికొనవలసిన వాడయ్యెను. కోటలోని ప్రభువునకు "ఏలినవారి దివ్యసముఖమునకు" అని. కచేరీలోని దొరకు "తమ మిక్కిలి విధేయుడైన సేవకుడు" అని. మొదటిది మన పాతది. రెండవది కొత్త తర్జుమా. వ్రాయసగాండ్రు రెంటిని ఒకే కాగితముపై, ఒకటి తలకును, ఒకటి పాదమునకును కట్టిరి.

తర్జుమా చేసినవారు చేసిన పొరపాటు ఇచ్చటనే యున్నది. రూఢిశబ్దమును తెనిగించునపుడు దాని రూఢ్యర్థమును తేవలెను గాని అవయవార్థమును తేరాదు. కుశలుడను మాటను మరియొక భాషలోనికి "దర్భకోయువాడు" అని మార్చినవానిని చూచి మనము నవ్వుదుము. "ఒబీడియెంట్ సర్వెంట్" అను దానిని "విధేయ సేవకుడు" అని మార్చినవానిని చూచి మాత్రము నవ్వలేదు, పాఠ్యపుస్తకములో అచ్చువేసితిమి. ఆంగ్లమున చచ్చిన మాటకు తెలుగున ప్రాణము వచ్చినది. లండనులో ఎవరును సేవకులు కానక్కరలేని వాక్యము, శ్రీకాకుళమునందు నిజముగా సేవకులను తయారుచేసినది. ఏలయన, అక్కడ ప్రభువును, జాన్సనును ఇరువురును ఆ మాటను ఎరిగినవారు. ఇక్కడ అర్జీదారునకు దానియర్థము అక్షరాలా తగులును, పుచ్చుకొను అధికారికిని అక్షరాలా రుచించును.

తెనిగింపు కుదరదనుట నా యభిప్రాయము కాదు. మంచి తెనిగింపునకు ఆ యుత్తరముననే ఉదాహరణమున్నది. "డియర్ సర్" అను సంబోధనమును మనవారు మొదట "ఆర్యా" అనిరి. అందు "ప్రియమైన" అను మాట లేదు, ఉండనక్కరలేదు. పరిచయము లేని మనుజుని ప్రియుడనుట ఆంగ్లమున రూఢి, తెలుగున ఎబ్బెట్టు. తెలిసినవా రెవరో ఆ ప్రియమును విడిచి గౌరవమును మాత్రము పట్టిరి. ఇటీవల కొన్ని కాగితములలో "ప్రియమైన సార్" అని చూచుచున్నాను; మరల దర్భలు కోయుట ఆరంభమైన దన్నమాట. తలవైపున చూపిన ఆ వివేకమును పాదమువైపున కూడ చూపియున్నచో ఈ వ్యాసమునకు పనిలేకపోయెడిది.

ఇప్పుడు శబ్దములను విచారింతము. "విధేయ" శబ్దము సంస్కృతమున హీనమైనది కాదు. అమరసింహుడు విధేయుని, చెప్పిన మాటపై నిలుచువానితోను, వినయమును గ్రహించువానితోను కలిపి చెప్పినాడు. అనగా శిక్షణమును స్వీకరింపగలవాడు. గురువునకు శిష్యుడు విధేయుడనని వ్రాసికొనుట ఎంతయు తగియున్నది. అక్కడ చెప్పువాడును కలడు, వినువాడును కలడు. వ్యాకరణమున ఉద్దేశ్యము, విధేయము అని రెండు గలవు. దేనినిగూర్చి చెప్పుదుమో అది ఉద్దేశ్యము. క్రొత్తగా చెప్పబడునది విధేయము. ఆ లెక్కను ముసలమ్మ అర్జీలో విధేయమేది? పింఛను రాలేదన్న వాక్యము. మన కాగితములయందు విధేయము పోయి విధేయురాలు మిగిలినది.

"భవదీయుడు" అను మాట ఇంతకంటె మేలు. పాణిని భవచ్ఛబ్దముమీద ప్రత్యేకముగా సూత్రమొకటి చేసి "భవదీయ" మను రూపమును సాధించినాడు. మీవాడు అని యర్థము. సేవ లేదు, దాస్యము లేదు. "యువర్స్" అనుదానికి సరిగా సరిపోవు మాట మన చేతిలో సిద్ధముగా నుండెను. అయినను అది పండితుల యుత్తరములలోను పత్రికాలేఖలలోను నిలిచి, బీదవాని అర్జీలోనికి దిగలేదు. చదువుకొన్నవాడు సంపాదకునకు "భవదీయుడు"; చదువురానివాడు గుమాస్తాకు "విధేయుడు". మాటల యీ పంపకము దానియంతట నదియే జరిగినదని నేను నమ్మజాలను.

ఆంగ్లమున కట్టి తోకలు కావలసివచ్చుటకు మరియొక కారణము కలదు. వారి భాషలో నేడు మధ్యమపురుషకు ఒక్కటే మాట. రాజునకును, రజకునకును, కుక్కపిల్లకును "యూ" యే. ఏకవచన రూపమును వారు నిత్యవ్యవహారమున ఏనాడో విడిచిరి. వాక్యమునందు గౌరవమును చూపుటకు చోటు లేనందున దానిని ఉత్తరము చివరకు నెట్టిరి. మనకట్టి దారిద్ర్యము లేదు. నీవు, మీరు, తమరు అని మూడు మెట్లున్నవి. పేరు చివర "గారు" ఉన్నది. క్రియ చివర బహువచనమున్నది. సంస్కృతమునందు "భవాన్" అన్నచో ప్రథమపురుషక్రియ యే రావలయును. ఎదుటివానిని ఎదురుగా చూడక పక్కనుండి పలుకరించుట యన్నమాట. మన "తమరు" కూడ అట్టిదే. "తమరు దయచేసి విచారింపవలెను" అన్న వాక్యములో గౌరవము మూడుచోట్ల నిండియున్నది. ఇంత గౌరవము వాక్యవాక్యమునందు చెల్లించినవాడు చివర మరల తన్నుతాను తాకట్టు పెట్టుకొననేల? పన్ను కట్టినవానిచేత మరల కప్పము కట్టించుటవంటి దిది.

మన పూర్వపు టుత్తరములన్నియు ఆదర్శములని చెప్పబోను. వానియందు మెచ్చదగినది కలదు, విడువదగినదియు కలదు. "ఉభయకుశలోపరి" అని మొదలిడి, ఇచ్చట అందరు క్షేమము, అచ్చటి క్షేమము వ్రాయవలెనని, చివర "చిత్తగించవలెను" అని ముగించు పద్ధతి ఎంత హుందాయైనది! "ఈ సంగతి మనసున నుంచుకొనుడు" అను పని యొక్కటే యా మాట చేయును. వ్రాసినవానిని పెంచదు, తగ్గించదు. కాని అదే యుత్తరము పైభాగమున ఒకనికి "బ్రహ్మశ్రీ", ఒకనికి "మహారాజరాజశ్రీ", మరియొకనికి వట్టి పేరు. భర్త గల స్త్రీ "లక్ష్మీసౌభాగ్యవతి"; భర్త పోయిన స్త్రీ "గంగాభాగీరథీ సమానురాలు". కవరుపై చిరునామా చూచిన తపాలా బంట్రోతునకు సైతము ఆ యింటి యిల్లాలి దురదృష్టము తెలియును. గంగతో పోల్చి గౌరవించితిమని మనము చెప్పుకొందుము. ఆ గౌరవమును కోరిన స్త్రీ ఒక్కతె యుండునా? ఈ బిరుదులు నేడు చాలవరకు కనుమరుగైనవి. వానిని పోగొట్టినందువలన మర్యాద చెడిపోయినదని ఎవరును ఏడ్చుట లేదు. "విధేయుడు" పోయినను అట్లే ఎవరును ఏడ్వరు.

స్త్రీల ప్రస్తావము వచ్చినది గనుక మరియొక చిక్కు చెప్పవలయును. ఆంగ్లపు "యువర్స్" లింగము లేనిది. తెలుగున "విధేయుడు" అన్న పురుషుడు, "విధేయురాలు" అన్న స్త్రీ. అచ్చు ఫారములయందు ఎక్కువగా మొదటిదే యుండును. నా తరగతిలోని బాలిక అచ్చు ఫారముపై తన పేరు వ్రాసి, పైనున్న "విధేయుడు" అను మాటను కొట్టివేయవలెనా, ఉంచవలెనా యని నన్నడిగినది. ఉంచిన పురుషుడగును, కొట్టివేసిన కాగితము చెడును. విధేయత చూపుటకైనను తనకు చోటు లేని ఫారమది.

వ్యాకరణదోషము వేరొకటి. "థ్యాంకింగ్ యూ, సర్" అని ఆంగ్లమున మన పిల్లలు వ్రాయుదురు. పూర్వము దాని వెనుక "ఐ రిమైన్" అను సమాపకక్రియ యుండెడిది. అది జారిపోయి, అసమాపకక్రియ గాలిలో వ్రేలాడుచున్నది. మనము దానిని "కృతజ్ఞతలు తెలుపుకొనుచు," అని మార్చి, ఆ వ్రేలాటను కూడ దిగుమతి చేసికొంటిమి. తెలుపుకొనుచు ఏమి చేయుచున్నాడు? తెలియదు. పైగా సెలవు ఇంకను మంజూరు కాలేదు. కృతజ్ఞత ముందే చెల్లినది.

కొందరు మిత్రులు నా వాదమునకు రెండాక్షేపణలు చెప్పిరి. మొదటిది: "మాటల యర్థమును ఎవరు చూచుచున్నారు? తెలుగునను అది రూఢియే యైపోయినది కదా." రూఢి యగుటకు ఇరుపక్షముల సమ్మతి కావలెను. వ్రాసినవాడు వట్టిమాట యనుకొని, పుచ్చుకొన్నవాడు హక్కనుకొన్నంతకాలము అది రూఢి కాదు. తమాషా చూడవలెనన్న ఒక అర్జీని ఆ మాట లేకుండ వ్రాసి ఇచ్చి చూడుడు. నేనిచ్చితిని. ఒక కార్యాలయమున గుమాస్తా దానిని తిరుగవేసి, "కింద సరిగా రాసుకుని రండి మాస్టారూ" అన్నాడు. రూఢియే యైనచో దాని లోపము అతనిని అంతగా బాధింపనేల?

రెండవది బలమైనది. "మర్యాదయే మనకు భూషణము. దానిని ఊడబెరికి మొండితనమును నేర్పెదవా?" నేను మర్యాదను వలదనుట లేదు. మర్యాద యనగా హద్దు. ఇరువైపులను నిలుపునది. అర్జీ క్రింద పౌరుడు విధేయుడనని వ్రాయవలెనన్న, ప్రత్యుత్తరము క్రింద అధికారి కూడ అట్లే వ్రాయవలెను. పూర్వపు టాంగ్లాధికారులు ఒకరికొకరు అట్లే వ్రాసికొనిరి. ఆ మాట వారి నడుమ ఇచ్చిపుచ్చుకొనునది. మన కార్యాలయములనుండి వచ్చు మెమోరాండమునందు సంబోధనము లేదు, లేఖాంతము లేదు. ప్రథమపురుషలో ఆజ్ఞ మాత్రమే యుండును. వెళ్లు కాగితమున విధేయత, వచ్చు కాగితమున మౌనము. ఒకవైపే నడచు మర్యాద మర్యాద కాదు.

మన సీమలోనే జన్మించి వ్యవహరించిన పెద్దలను తలచుకొందము. గురజాడ అప్పారావు గారు విజయనగర సంస్థానమున ఉద్యోగి. 1897లో వెలువడిన కన్యాశుల్కమును ఆనందగజపతి మహారాజునకు అంకితమిచ్చి, ఆ ముందుమాటను ఆంగ్లముననే వ్రాసినారు. ప్రభువును గౌరవించుట తెలిసినవారే. కాని గ్రంథములోపల సంఘము చేయుచున్న తప్పును చెప్పుటలో ఆ గౌరవము వారి చేతికి అడ్డు రాలేదు. శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సవరల భాషను వారినుండియే నేర్చుకొని, దానికి నిఘంటువును కట్టినారు. తక్కువవారని లోకము తలచినవారియొద్ద శిష్యుడైన గురువు ఆయన. విధేయత యను మాటకు నాకు తెలిసిన నిజమైన యర్థమది: నేర్చుకొనువాడు నేర్పువానికి చూపునది.

లేఖాంతమున నిజము చెప్పుట ఎట్లో ఒకరు చూపినారు. 1930 మార్చి 2వ తేదీని గాంధిమహాత్ముడు రాజప్రతినిధి యిర్విను ప్రభువునకు వ్రాసిన లేఖలో ఉప్పుచట్టమును ధిక్కరింపబోవుచున్నానని ముందుగా తెలియపరచినారు. సంబోధనము "మిత్రమా" యని. ముగింపు, తమ యథార్థమిత్రుడనని. జాన్సను లేఖలో చివరిమాట వట్టి ఆచారము. గాంధి లేఖలో చివరిమాట లేఖాంతయు చెప్పిన విషయమే. చట్టమును ఎదిరింతును, నిన్ను ద్వేషింపను అని. మొండితనము లేదు, దాస్యము లేదు. మర్యాదకు ఇంతకన్న లక్ష్యము నేనెరుగను.

జమీందారీలు 1948 నాటి శాసనముతో రద్దయినవి. 1966లో తెలుగు శాసనముచేత అధికారభాష యైనది. కోట పోయినది, దొర పోయెను, భాష మనదైనది. కాగితము అడుగున నున్న ఒక్క మాట మాత్రము కదలలేదు. చేయవలసినది గొప్పపని కాదు. "ఇట్లు" అను మాట మనకున్నది. చెప్పవలసినది ఇంతటితో ముగిసినదని దానియర్థము. దాని క్రింద పేరు, ఊరు, తేదీ చాలును. స్నేహితునకు "మీ" యని చేర్చుకొనవచ్చును. గురువునకు శిష్యుడు "విధేయుడు" అని ఇష్టమున్నచో వ్రాసికొనవచ్చును. కచేరీకి మాత్రము అర్జీదారుడు, అర్జీదారురాలు. ఉపాధ్యాయులమైన మనము చేయవలసినది ఇంకను చిన్నది: ఆ మాట లేదని మార్కు తీసివేయకుండుట.

ఆ ముసలమ్మ అర్జీ సంగతి చెప్పి ముగింతును. ఆనాడు ఆ కాగితమును చించి మరియొకటి వ్రాసితిని. చివర "ఇట్లు" అని, ఆమె పేరు, ఊరు. ఆమె వ్రేలిముద్ర వేయుచు, "ఇప్పుడేటి రాసినావు?" అన్నది. "నీ పేరు" అంటిని. "అదే సాలు" అన్నది.